గండి

మందుల షాపు షట్టర్ దించి
నేను వంతెన దిగేసరికి
గ్విలిమ్ ప్రీస్ అప్పటికే మడత కుర్చీలో ఉంటాడు.
మోకాళ్ల మీద గాలం కర్ర, పక్కన మూత పోయిన ఫ్లాస్కు,
పెరుగు డబ్బాలో తడిమట్టి, వానపాములు.
అతని బీపీ మాత్రల పేర్లు నాకు తెలుసు.
నాకు తెలియని చేపల పేర్లు అతనికి తెలుసు.
మా స్నేహమంతా ఈ ఇచ్చిపుచ్చుకోళ్లే.

లడ్లో ఊరి కింద, టీమ్ ఏటికి అడ్డంగా
పాత పిండిమర ఆనకట్ట.
మర ఆగి ఎన్నేళ్లయిందో,
దాని కిటికీల్లో ఇప్పుడు పూలకుండీలు.
ఏ గింజనూ విసరని నీళ్లు
రాతి మెట్టు మీంచి ఊరికే దూకుతుంటాయి,
ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పుకోలేక
రోజూ టైముకి బయల్దేరే మనిషిలా.

"ఇక్కడే ఎందుకు కూర్చుంటావ్?" అన్నాను మొదటి ఏడాది.
"చేపలు ఇక్కడే ఆగుతాయి" అన్నాడు.
ఎందుకు ఆగుతాయో నేనడగలేదు.
నలభై రెండేళ్లుగా అతనూ అడగలేదు.

మీసాలు నేలకు రాస్తూ బార్బెల్ చేపలు
నురుగు కింద క్యూ కడతాయి.
పట్టి, తడిచేత్తో నిమిరి,
మొప్పలు కుదుటపడేదాకా ఏటికి ఎదురుగా పట్టుకుని
వదిలేస్తాడు,
మళ్లీ ఆ గోడ కిందికే.

ఈ అక్టోబరులో హెస్టర్ వచ్చింది,
ఛాతీదాకా రబ్బరు బూట్లు, చేతిలో తడవని నోటు పుస్తకం.
నాలుగు రోజులు నీళ్లలో నిలబడి లెక్క రాసింది:
ఎగిరినవి నూట పదకొండు. దాటినవి నాలుగు.
"అన్నీ వేర్వేరు చేపలా?" అన్నాను.
"కాదు. ఒకే చేప పదిసార్లు కూడా."

దాటినవి ఇంకా పైకి పోవాలట.
గోడ నిలబెట్టిన నిదానపు నీళ్లలో
గులకరాళ్ల మీద ఒండ్రు మేట వేసింది,
గుడ్డుకి ఊపిరాడదట.

మా గోదావరి వైపు ఒక మాటుంది,
పుస్తెలమ్ముకునైనా పులస తినాలని.
ఏ కుండలో వండాలో, ఎన్ని బెండకాయలు వెయ్యాలో,
పులుసు మర్నాటికే ఎందుకు రుచో అన్నీ చెప్పారు.
ఎదురీదుకుంటూ అది ఎక్కడికి బయల్దేరిందో,
ధవళేశ్వరం దగ్గర మూతి దేనికి తగిలిందో
ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు, ముల్లు తీసుకుంటూ.

"గోడకి ఒక పక్క తెరుస్తాం, ఆరడుగులు" అంది హెస్టర్.
ఆమె అన్న మాట వేరు,
నా చెవిలో పడ్డది గండి.
మా లంకల్లో ఆ మాట వింటే
అర్ధరాత్రి ఇసక బస్తాలతో పరుగెత్తాలి,
మంచం మీద మంచం వేసి పిల్లల్ని ఎక్కించాలి.
గండి కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటుంటుందని
ఇంత దూరం వస్తేగాని తెలియలేదు.

గ్విలిమ్ బెండునే చూస్తున్నాడు.
"మడుగు పోతుంది" అన్నాడు చాలాసేపటికి.
"పోతుంది" అంది. అబద్ధమాడలేదు పాపం.
"బార్బెల్?"
"చెదురుతాయి. మీరు వెతుక్కోవాలి."
"నాకు డెబ్బయి ఆరు."

ఆనకట్టను కాపాడమని ఊళ్లో సంతకాల కాగితం తిరిగింది.
మా షాపు కౌంటరు మీదా పెట్టారు.
మాత్రలు తీసుకుని,
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి వెళ్లాడు.

నిన్న సాయంత్రం అతను గాలం వేయలేదు.
ఒక సాల్మన్ ఎగిరింది, మూతి చర్మం ఊడి
తెల్లగా బూజు పట్టినది.
రాయికి కొట్టుకుని జారింది.
ఎగిరింది. జారింది.
మూడోసారికి గ్విలిమ్ కుర్చీలోంచి
సగం లేచాడు,
తొలి అడుగు వేస్తున్న పిల్లాడి వెనక
చేతులు చాచుకుని లేచే మనిషిలా.

దాటలేదది.
చీకటి పడేదాకా ఉన్నాం.
ఫ్లాస్కులో టీ చల్లారిపోయింది,
అయినా తాగాం.